వాదం వేరు, వాగ్వాదం వేరు

వక్తృత్వ పోటీ అనగానే మనకు ముందుగా గుర్తొచ్చేవి చప్పట్లు. ఎవరికి ఎక్కువ పడితే వాళ్ళే నెగ్గినట్లు లెక్క. మొదటి సంవత్సరంలో నేనూ అలాగే అనుకొన్నాను. గొంతు పెద్దది, నాలుగు సామెతలు నోటికి వచ్చు, ఎదుటివాడి మాటను మధ్యలో తుంచి సభను నవ్వించడం తెలుసు. ఇంకేం కావాలి? ఆ ‘ఇంకేం’ అన్నది మా చేలో తెలిసివచ్చింది. ఆ సంగతీ, ఆ తరువాత చదివి నేర్చుకొన్న నాలుగు సంగతులూ తోటి విద్యార్థుల ముందుంచాలని ఈ చిన్న ప్రయత్నం.

గెలిచి ఓడిన వాదం

మాది కాలువ కింద శివారు చేను. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు నాన్న వరికి పైపాటుగా యూరియా చల్లుతున్నాడు, చెప్పిన మోతాదు కంటే బాగా ఎక్కువగా. నేను గట్టు మీద నిలబడి ఉపన్యాసం మొదలుపెట్టాను. యూరియాలో 46 శాతం నత్రజని ఉంటుందనీ, అది మితిమీరితే పైరు ఏపుగా పెరిగి పడిపోతుందనీ, సుడిదోమ ఉధృతమవుతుందనీ చెప్పాను. చెప్పినవన్నీ నిజాలే. “ఒరేయ్, నీ పుస్తకం రాసినాయన మన చేలో నీళ్ళు కట్టాడా?” అన్నాడు నాన్న. పక్క చేల వాళ్ళు వింటున్నారు. “చదువు లేనివాళ్ళతో ఇదే చిక్కు” అనేశాను. వాళ్ళు నవ్వారు. నాన్న మారు పలకలేదు. రెండు రోజులు అన్నం దగ్గర కూడా మాట్లాడలేదు. నేను నెగ్గాను. కాని చేలో యూరియా ఒక్క గింజ కూడా తగ్గలేదు.

మన పెద్దలు చేసిన విభజన

గౌతముని న్యాయసూత్రాలు చర్చను మూడు రకాలుగా విభజించాయి. సత్యం తెలుసుకోవడానికి ఇద్దరూ ప్రమాణాలతో చేసేది వాదం. ఎలాగైనా నెగ్గాలని చేసేది జల్పం. తనకంటూ ఏ పక్షమూ నిలపకుండా ఎదుటివాడిని ఖండించడమే పనిగా పెట్టుకొంటే అది వితండ. మనం ‘వితండవాదం’ అంటున్నది దీన్నే. ఆనాడు గట్టు మీద నేను చేసింది జల్పం.

మాటను నిలబెట్టడానికి వారు ఐదు అవయవాలు చెప్పారు: ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం. కొండ మీద నిప్పుంది (ప్రతిజ్ఞ). ఎందుకంటే పొగ ఉంది (హేతువు). పొగ ఉన్నచోట నిప్పుంటుంది, వంటింట్లో లాగా (ఉదాహరణ). ఈ కొండ మీదా అలాంటి పొగే ఉంది (ఉపనయం). కాబట్టి నిప్పుంది (నిగమనం). మన ఉపన్యాసాలు చాలావరకు ప్రతిజ్ఞ నుంచి ఒక్క గంతులో నిగమనానికి దూకుతాయి. మధ్య మూడు మెట్లూ చప్పట్లలో కొట్టుకుపోతాయి.

ఓటమికి గుర్తులుగా 22 నిగ్రహస్థానాలు కూడా అందులో ఉన్నాయి. విషయం వదిలి మరోదానిలోకి పోవడం అర్థాంతరం. “నీలో మాత్రం ఆ తప్పు లేదా?” అంటూ తన తప్పును ఒప్పుకొన్నట్లు కావడం మతానుజ్ఞ. నాకు బాగా తగిలింది అననుభాషణం. ఎదుటివాడు మూడుసార్లు చెప్పి, సభకు అర్థమైన మాటను కూడా తిరిగి చెప్పలేకపోతే వాడు ఓడినట్లే! నాన్న అడిగిన నీళ్ళ మాటను నేను తిరిగి చెప్పగలిగేవాడినా? అసలు విన్నానా?

గిడుగు వారి దారి

మన భాషలోనే ఒక పెద్ద వాదం నడిచింది. గిడుగు రామమూర్తి పంతులు గారు (1863–1940) వ్యావహారికం పక్షాన, జయంతి రామయ్య పంతులు గారు గ్రాంథికం పక్షాన నిలిచారు. గిడుగు వారి మాట పదునైనదే. అయితే ఆ పదునుకు వెనుక పొత్తముల కొద్దీ ఆధారం ఉండేది. ఎదుటి పక్షంవారు ప్రమాణంగా గౌరవించే గ్రంథాల్లోంచే ప్రయోగాలు ఏరి చూపేవారు. ఎదుటివాడు ఒప్పుకొనే ప్రమాణంతో మొదలుపెడితే వాదానికి బలమూ వస్తుంది, అతడికి మర్యాదా దక్కుతుంది.

ఆచరణకు కొన్ని సూచనలు

1. తీర్మానంలోని మాటలకు అర్థం ముందే తేల్చుకోండి. సగం తగాదాలు అక్కడే తెగిపోతాయి.

2. ఎదుటి పక్షాన్ని మీరే ఒక కాగితం మీద రాసుకోండి. అది చదివి ఆ పక్షంవాడు “అవును, నా మాట ఇదే” అనాలి. మన శాస్త్రాలు పూర్వపక్షం చెప్పాకనే సిద్ధాంతానికి వెళ్ళేది ఇందుకే.

3. మాటను ఖండించండి, మనిషిని కాదు. యాస, ఊరు, కులం, చదువు, ఇవేవీ హేతువులు కావు.

4. నిజమైన పాయింటు వస్తే అక్కడికక్కడే ఒప్పుకోండి. ఒకటి ఒప్పుకొన్నవాడి మిగతా మాటలను సభ ఎక్కువగా నమ్ముతుంది.

5. పరీక్షించి తేల్చగలిగినదాన్ని అరిచి తేల్చకండి.

మళ్ళీ మా చేలోకి

మరుసటి పంటకు నాన్న దగ్గర కూర్చొని అడిగాను: “మనకు పై చేను మీదుగా నీళ్ళొస్తాయి, మన చేను మీదుగా కింది చేలోకి పోతాయి. చల్లిన యూరియాలో కొంత కొట్టుకుపోతుంది. అందుకని ఎక్కువ వేస్తున్నావు. అంతేనా నాన్నా?” నా వంక తేరిపార చూసి, “అదేగదరా నేను చెప్పింది” అన్నాడు. ఆయన హేతువు సబబైనదే. నా పుస్తకపు లెక్క నీళ్ళు నిలిచిన మడికి సంబంధించింది. అప్పుడు ఇద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం. సగం చేను ఆయన పద్ధతిలో; మిగతా సగంలో నీరు పలుచగా తీసి, గండి కట్టేసి, చెప్పిన మోతాదే చల్లి, రెండు రోజుల తరువాత నీరు పెట్టడం.

ఆయన వైపు పైరు ఒకచోట పడిపోయింది. నూర్చినప్పుడు రెండు వైపులా దిగుబడిలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. యూరియా మాత్రం మిగిలింది. “వచ్చే పంటకు మొత్తం గండ్లు కడదాం” అన్నాడు నాన్న. ఎవరు నెగ్గారని ఇద్దరం అడగలేదు. గండి సంగతి ఆయనది, మోతాదు సంగతి నాది. ఒక్కటే ఉంటే ఏదీ పనిచేసేది కాదు.

ఆనాడు గట్టు మీద అన్న మాటకు క్షమాపణ మాత్రం ఇంతవరకు చెప్పుకోలేదు. ఈ సంచిక ఇంటికి పట్టుకెళ్ళి, ఈ వ్యాసం నాన్నకు చదివి వినిపించాలని ఉంది.