ఒకే మాట, ముగ్గురి భయాలు

ప్రశ్న: రాజనీతిశాస్త్రంలో ఎం.ఏ. చదువుతున్నాను. హాబ్స్, లాక్, రూసో ముగ్గురూ ‘సామాజిక ఒడంబడిక’ అనే అంటారు. ఎంత బట్టీ పట్టినా పరీక్షలో కలగాపులగం అయిపోతోంది. ఎలా చదవాలండీ?

జవాబు: నోట్సు కాసేపు పక్కన పెట్టండి. ఎవరు దేనికి భయపడి రాశారో చూడండి. హాబ్స్ ‘లెవయతాన్’ 1651లో వచ్చింది. అంతకు రెండేళ్ల ముందే ఇంగ్లండులో రాజు తల నరికారు. హాబ్స్ అప్పుడు పారిస్‌లో తలదాచుకుని ఉన్నాడు. ఆయన భయం అరాచకం. ఆ పుస్తకం ముఖచిత్రం ఎలాగైనా సంపాదించి చూడండి. కత్తి పట్టిన కిరీటధారి ఒళ్లంతా చిన్న చిన్న మనుషులే. అందరూ ఆయన ముఖం వైపే తిరిగి ఉంటారు. సగం సిద్ధాంతం ఆ బొమ్మలోనే ఉంది. గైడ్లలో మాత్రం అది కనిపించదు!

లాక్ భయం వేరు: అదుపులేని రాజు. అందుకే నమ్మకాన్ని వమ్ము చేసిన ప్రభుత్వాన్ని దించే హక్కు ప్రజలకే ఉంచాడు. రూసో (1762) భయం, ప్రజల అధికారం వేరేవాళ్ల చేతుల్లోకి పోతుందని. అందుకే ఇంకో అడుగు వేసి, సార్వభౌమాధికారాన్ని ప్రతినిధులకు కూడా అప్పగించకూడదన్నాడు.

మూల గ్రంథాల్లో ముందుగా లాక్ రెండో ట్రీటైజ్ పట్టుకోండి. నా లెక్కలో ముగ్గురిలో చదవడానికి తేలిక ఆయనే.