మళ్లీ రక్తం పడుతుందా?

ప్రశ్న: మోకాళ్ల నొప్పి మాత్రలతో నాన్నగారి కడుపులో పుండు పడి రక్తం కక్కుకున్నారు. ఎండోస్కోపీలో క్లిప్పు వేసి ఆపారు. గుండెకు స్టెంట్ ఉంది. ఆస్పిరిన్ మానేయమంటారా?

జవాబు: మీ అంతట మీరు మానిపించకండి. పుండు మానేలోపు గుండెపోటు ప్రాణం మీదికి తేవచ్చు. ఆసుపత్రిలో ఆపి ఉంటే, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో గుండె డాక్టరు, గ్యాస్ట్రో డాక్టరు మాట్లాడుకుని చెప్పాలి. రక్తస్రావం తిరగబెట్టే ముప్పు మొదటి 72 గంటల్లోనే ఎక్కువ. అది దాటితే పెద్ద గండం గడిచినట్టే. నొప్పి మాత్రలు మందుల షాపులో అడిగి కొనడం మాత్రం ఇక వద్దే వద్దు. కడుపులో పుండ్లు తెచ్చే హెచ్. పైలోరి క్రిమికి పరీక్ష చేయించారా? ఆ క్రిమి ఉంటే మందుల కోర్సు పూర్తిచేసి, పోయిందో లేదో మళ్లీ చూపించుకోవాలి.

విరేచనం తారులా నల్లగా, జిగటగా, దుర్వాసనతో వస్తే అర్ధరాత్రయినా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఐరన్ మాత్రలకూ నల్లబడుతుంది గానీ, ఆ జిగట, ఆ వాసన ఉండవు.