అడిగినంక చెప్పు బిడ్డా

కొత్తవాడ, వరంగల్
2025 నవంబరు

బిడ్డా,

నువ్వు పంపిన పొడుగు మెసేజు చదివిన. దానికి ఫోన్లనే జవాబిస్తే సగం చెప్పి సగం మింగినట్టయితదని కాగితం పట్టుకున్న.

దసరాకు వచ్చినప్పుడు గాజా ముచ్చట తీస్తే మీ బాపు తలకాయ ఊపి మళ్లా మగ్గం గుంటల కాళ్లు పెట్టిండని, సూడాన్ అంటే మీ చిన్నమ్మ టీవీ సప్పుడు పెంచిందని, బ్రెజిల్‌ల జరిగే వాతావరణ సభల గురించి చెప్పబోతే పోరగాండ్లు ఫోన్లల్ల తలలు పెట్టిండ్రని రాసినవు. "మన కొత్తవాడోళ్లకు ప్రపంచం పట్టదు పెద్దబాపూ" అని తీర్పు గూడ ఇచ్చినవు. నీ ఉక్రోషం తప్పని అనను. ఈ వయసుల లోకం గురించి కడుపు మండకుంటే ఇంకెప్పుడు మండుతది? నాకు పేచీ ఆ తీర్పు మీదనే.

సెప్టెంబరు 20 నాడు నువ్వు ఇంకా యూనివర్సిటీలనే ఉన్నవు. తెల్లారితే ఎంగిలిపూల బతుకమ్మ. మన వాకిట్ల ఆడోళ్లు గునుగుపూలకు రంగులు అద్దుకుంట కూసున్నరు. వాళ్ల ముచ్చటంత హెచ్1బీ వీసా మీదనే. లక్ష డాలర్లు కట్టాలెనని ట్రంపు సంతకం పెట్టిన వార్త ఆ పొద్దున్నే వచ్చింది. మన వాడల ఒక ముసలమ్మ, బడి మొఖం చూడని మనిషి, మనుమడు డల్లాస్‌ల ఉంటడు, ఆమె అడిగింది: "పాత వీసా ఉన్నోళ్లు గూడ కట్టాల్నా, కొత్తగ పెట్టుకునేటోళ్లేనా?" అసలు ప్రశ్న అదే. కొత్త దరఖాస్తులకే అని తేల్చి చెప్పెతందుకు వైట్‌హౌజ్‌కే ఒక దినం పట్టింది. ఇసొంటి మనిషిని పట్టుకొని లోకజ్ఞానం లేదంటే నేనెట్ల ఒప్పుకోను?

ఆమెకు సెనేట్ అంటే తెల్వదు, నిజమే. నీకు తెలుసు. కానీ ఆ దినం సరిగ్గ అడగాల్సిన ప్రశ్న ఆమెకే తట్టింది.

మీ బాపును 2011 గురించి ఎప్పుడన్న అడిగినవా? అడుగు. "ఆ ఏడు నూలు కట్ట ముట్టనియ్యలే" అంటడు. పాత ధరకు ఒప్పుకున్న జంపఖానాలు కొత్త ధర నూలుతోటి నేసి ఇయ్యాల్సి వచ్చిందని చెప్తడు. అంతకుముందు ఏడు, 2010ల, పాకిస్తాన్‌ల సింధు పొంగి పత్తిచేన్లు మునిగినయి. చైనా మిల్లులు పత్తి కోసం ఎగబడ్డయి. మన దేశం ఎగుమతులకు హద్దు పెట్టింది. 2011 మార్చిల న్యూయార్క్ బజార్ల పౌను పత్తి రెండు డాలర్లు దాటింది, అప్పటిదాక ఎన్నడు లేని ధర. మీ బాపుకు ఈ కథ కొసకు ఉన్న ముక్క తెలుసు, నీకు మొదలు తెలుసు. ఆయన ముక్క ఇనకుండ నీ ముక్క చెప్తే అది పాఠమయితది. పగలంత మగ్గం మీద వంగిన మనిషికి రాత్రి పాఠం ఎవరికి కావాలె?

ఈ ఏడు సంగతి ఇంకా చిక్కుగున్నది. ఆగస్టు 27 నుంచి మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతమయింది. దానికి వారం ముందు, ఆగస్టు 19న, మన ప్రభుత్వం బయటి దేశాల పత్తి మీద ఉన్న 11 శాతం దిగుమతి సుంకం ఎత్తేసింది. మొదలు సెప్టెంబరు ఆఖరుదాక అన్నరు, తర్వాత డిసెంబరు 31 దాక పొడిగించిండ్రు. పేపర్ల అది ఒక్క వార్త. మన చుట్టాలల్ల రెండు. పత్తి అగ్గువైతే నూలు కొనే మీ బాపుకు కొంచెమన్న ఊపిరి ఆడుతది. పరకాల దిక్కు పత్తి పెట్టిన మీ మేనమామకు అదే గుండెల రాయి. క్వింటాలుకు 8,110 రూపాయల మద్దతు ధర ఉన్నదంటరు, తేమ 12 శాతం దాటితే కేంద్రం పత్తి సంస్థ సీసీఐ కొనది. అక్టోబరు 29న మొంథా తుపాను వాన ఓరుగల్లును ముంచినంక ఎనుమాముల మార్కెట్టుకు పొడి పత్తి యాడికెళ్లి వస్తది? దసరానాడు ఈ ఇద్దరు ఒక్క గద్దె మీదనే కూసున్నరు. సుంకం ముచ్చట నువ్వు ఎత్తితే ఇద్దరు చెరొక దిక్కు లాగేటోళ్లు, నువ్వు మధ్యల కూసొని ఇనేదానివి. అది నీ తరగతి గదిల దొరకని చర్చ.

సుంకం మాట వచ్చింది గనుక ఒకటి చెప్పనియ్యి. మన ఓరుగల్లును ఏలిన గణపతిదేవుడు 1244–45ల మోటుపల్లి రేవుల ఒక అభయశాసనం ఏపిచ్చిండు. తుపానుకు పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును ఎనుకటి రాజుల లెక్క గుంజుకోనని, ఎగుమతి దిగుమతుల మీద ముప్పైల ఒక వంతే సుంకమని దూరదేశాల బేరగాండ్లకు రాయి మీద మాటిచ్చిండు. ముప్పైల ఒక వంతు ఎక్కడ, సగం ఎక్కడ! ఇది చాయ్ హోటల్ల చెప్తే నువ్వు పట్టదనుకున్న ఆ పోరగాండ్లే ఫోన్లు పక్కకు పెట్టి, "మోటుపల్లి ఇప్పుడు ఏ జిల్లాల ఉన్నది తాతా" అని అడిగిండ్రు. బాపట్ల జిల్లాల ఉన్నది, చీరాల కాడ.

ఇంతదాక చదివి నువ్వు ఒక ఉపాయం దొరికిందనుకుంటవేమో. ఏ ముచ్చటైనా ఇంటి ఖర్చుకు ముడేస్తే మనోళ్లు ఇంటరని. ఆ ఉపాయం టీవీలోళ్లు బాగనే వాడుతున్నరు: యుద్ధం జరిగితే నూనె ప్యాకెట్ ధర చెప్తరు. 2022ల యుక్రెయిన్ మీద రష్యా పడ్డప్పుడు పొద్దుతిరుగుడు నూనె ఎట్ల పెరిగిందో మీ చిన్నమ్మకు బాగ తెలుసు. అది మొదటి మెట్టుకు పనికొస్తది, కాదనను. కానీ ప్రతిసారి జేబు తడిమి లేపితే మనిషిని చిన్నజేసినట్టే. మా జేబుకు చిల్లు పడితే తప్ప మాకు దుఃఖం రాదా? యుక్రెయిన్ల చిక్కిన మెడిసిన్ పిల్లలల్ల మన కొత్తవాడ పిల్ల ఎవరు లేకున్నా, పోలండ్ సరిహద్దుల చలిల నిలబడ్డోళ్లను టీవీల చూసి మీ చిన్నమ్మ అన్నం తినలే.

గాజా గురించి మీ బాపుతోటి నేను మాట్లాడిన, నువ్వు పోయినంక. ఎంతమంది చచ్చిండ్రనే లెక్కతోటి మొదలుపెట్టలే. మజ్దల్ అనే ఊరి గురించి చెప్పిన. సముద్రానికి దగ్గరున్న నేతగాండ్ల ఊరు అది, ఇప్పుడు ఇజ్రాయెల్ల ఉన్నది. 1948 నుంచి రెండేండ్లల్ల ఆ ఊరోళ్లను వెళ్లగొట్టిండ్రు. చానామంది గాజాకు చేరి, అక్కడి శరణార్థి శిబిరాలల్ల మళ్లా మగ్గాలు పెట్టుకున్నరు. నల్లనూలు బట్ట, అంచుకు గులాబి, ఆకుపచ్చ పట్టుచారలు. ఎర్రచార పక్కన పచ్చచార పెట్టిన ఒక రకానికి "స్వర్గం నరకం" అని పేరున్నది. మీ బాపు నాడె ఆపిండు. "గుంట మగ్గమా, నిలువు మగ్గమా?" అన్నడు. "కండెలు ఇంటి ఆడోళ్లే చుట్టేటోళ్లా?" అన్నడు. కొంచెం సేపయినంక, "మగ్గం పీకుకొని పోవుడంటే మాటలా" అన్నడు. మగ్గం పనికి భీవండి పోయి తిరిగొచ్చిన మనిషి అన్న మాట అది. గాజా గురించి నేను ఇన్నేండ్లల్ల చదివిన సంపాదకీయాలల్ల అంత సూటి మాట తక్కువ.

సూడాన్‌కు గూడ అసొంటి తొవ్వ ఉన్నది. బ్రిటిషోళ్లు 1925ల నీలి నైలు మీద సెన్నార్ ఆనకట్ట కట్టి, లాంకషైర్ మిల్లుల కోసం గెజీరా అనే జాగల కాల్వల కింద పత్తి పండిచ్చిండ్రు. 2023 ఏప్రిల్ల సైన్యానికి, ఆర్ఎస్ఎఫ్ దళాలకు కొట్లాట మొదలయితే, ఆ డిసెంబరుకల్ల అది గెజీరా దాక వచ్చింది. పత్తి రైతులు పారిపోయిండ్రు. ఎనుమాములల పత్తి బండి ఎక్కి కూసున్న ఏ రైతుకైన ఈ ముచ్చట చెప్పి చూడు. "అక్కడ క్వింటాలుకు ఎంత ఇస్తరు" అని అడుగుతడు. ఆ ప్రశ్న ఇని నువ్వు మొఖం చిట్లించొద్దు. పరాయి రైతును మనిషిగ లెక్కలకు తీసుకున్నడని దానర్థం.

ఇగ మాట్లాడే పద్ధతి గురించి. మగ్గం నడిచేటప్పుడు మాట్లాడకు, ఆ సప్పుడుల అరవాల్సి వస్తది, అరిచి చెప్పిన ఏ ముచ్చటైనా కొట్లాట లెక్క ఇనిపిస్తది. కండెలు చుట్టేటప్పుడు చేతులు ఆడుతయి గాని నోరు ఖాళీ, అది మంచి యాళ్ల. పేర్లు గుమ్మరియ్యకు. నెతన్యాహు, గుటెర్రెస్ అని ఒక్క ఊపిరిల నాలుగు పేర్లు వస్తే ఇనేటోళ్లకు నువ్వు చెప్పేదానికన్న నీ చదువే ఎక్కువ ఇనిపిస్తది.

మన వాట్సాప్ గ్రూపుల మామ ఒకాయన ఉన్నడు గదా, ఆయన సంగతి వేరు. ఆయనకు ఆసక్తి లేక కాదు, ఎక్కువయి వచ్చిన తిప్పలు. యుద్ధం వీడియో అని పంపుతడు, చూస్తే అది కంప్యూటర్ ఆటలది. యుక్రెయిన్, గాజా యుద్ధాలప్పుడు అసొంటివి లోకమంత తిరిగినయి, పెద్ద పెద్దోళ్లే మోసపోయిండ్రు. గ్రూపుల పదిమంది ముందట "ఇది అబద్ధం" అని నువ్వు పెడితే, ఆ అబద్ధాన్ని ఆయన తన మర్యాద కోసం చచ్చేదాక మోస్తడు. ఒక్కదానివి ఉన్నప్పుడు ఫోన్ చేసి, "మామా, ఇది ఎప్పటిదో తెలిసిందా, నీకు ఎవరు పంపిండ్రు" అని అడుగు. తెల్లారి ఆయనే తీసేస్తడు. తియ్యకపోతే తియ్యకపాయె, ఆయన గెలిచిండని ప్రపంచం కూలది.

కొందరికి నిజంగనే వద్దు. ఒప్పుకోవాలె. పొద్దుగాల నుంచి దర్రీ మీద వంగి, వచ్చిన కూలి లెక్కజూసుకొని, బీపీ గోలి వేసుకొని పండుకునే మనిషికి ఇంకొక దుఃఖం మోసే జాగ ఉండకపోవచ్చు. ఆమె మీద నీకు కోపం రావొద్దు. ఆమె వద్దన్నది ముచ్చటను, నిన్ను కాదు.

ఇంకొకటి, కొంచెం కటువుగనే రాస్తున్న. నీకు బ్రెజిల్ల ఉన్న బెలేం తెలుసు, అక్కడ ఈ నెల వాతావరణ సభలు ఎందుకు నడుస్తున్నయో తెలుసు. మన వాడ గురించి ఎంత తెలుసు? 1851ల లండన్ల పెట్టిన మహాప్రదర్శనకు ఓరుగల్లు తివాచీలు పోయినయని, 2018ల మన దర్రీలకు భౌగోళిక గుర్తింపు వచ్చిందని, 1934ల పెట్టిన ఆజంజాహి మిల్లు మూతపడ్డంక ఎన్ని కుటుంబాలు సూరత్, షోలాపూర్ బండి ఎక్కినయో మీ బాపును అడిగి తెలుసుకున్నవా? ఆయన నీ బెలేం ముచ్చట ఇనలేదని నువ్వు రాసినవు. ఈ ముచ్చట్లు నువ్వు ఇనలేదని ఆయన ఎవరికి రాస్తడు?

ఇక్కడ ప్రపంచం గురించి మాట్లాడుడు కొత్తేం కాదు. హన్మకొండల రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం 1904ల పెట్టిండ్రు. 1922ల ఇనుగుర్తి అనే పల్లెకెళ్లి ఒద్దిరాజు సోదరులు "తెనుగు" పత్రిక అచ్చేసిండ్రు. నిజాం కాలంల, బస్సు ఎరుగని ఊళ్లెకెళ్లి వారపత్రిక! అక్షరం రాని వాళ్లకు పేపరు చదివి ఇనిపిచ్చేటోళ్లు నా చిన్నప్పుడు గూడ ఉండేటోళ్లు. చదివేటాయన ప్రతి వార్తకు ఆగేది. ఇనేటోళ్లు అడిగేటోళ్లు, కొట్లాడుకునేటోళ్లు, నవ్వేటోళ్లు. ఆయనకు వార్త సగమే తెలిసేది, మిగతా సగం చుట్టున్నోళ్లు పూరించేది. ఇప్పుడు వార్త ఒక్కొక్కని చేతిలకు వేరువేరుగ వస్తున్నది, మధ్యల ఆగేటోడు లేడు. నీ చదువుకు ఇక్కడ ఏదన్న పని ఉంటే అదే పని: ఆగుడు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు హైదరాబాద్ కోఠీల వెతికి తెలుగు అక్షరాల ప్రపంచపటం ఒకటి తీసుకరా, గోడకు పెట్టేటంత పెద్దది. చేనేత సొసైటీ గదిల పెడుదమని నలుగురం అనుకున్నం. పైసలు నేనిస్త, బస్సుల నలగకుండ గొట్టంల చుట్టిచ్చుకో. మీ మేనమామ గూడ అప్పుడు ఇక్కడనే ఉంటడు, పత్తి అమ్ముడువోతే.

ఆశీస్సులతోటి,
మీ పెద్దబాపు