అద్దె యంత్రము – సొంత ఇల్లు

గ్రామమున ఇల్లు కట్టుట యనిన ఒకప్పుడు ఇరుగుపొరుగుల సాయముతో జరుగు పని. మట్టి ఊరిది, తాటి దూలములు ఊరివి, నిచ్చెన పక్కింటిది, గడ్డపార ఎదురింటిది. పని ముగిసిన పిమ్మట ఎవరి వస్తువు వారికి చేరెడిది. దానికి అద్దె లేదు. నేడు ఊరూర సిమెంటు కప్పు వచ్చినది. దానితోపాటు పునాదులు త్రవ్వు జేసీబీ, కాంక్రీటు కలుపు మిల్లరు, దట్టించు వైబ్రేటరు, పచ్చి కప్పును మోయు సెంట్రింగు సామాను అద్దెకు వచ్చుచున్నవి. ఇల్లు కట్టు గృహస్థు ఇటుక, ఇనుము, సిమెంటు ధరలను నలుగురిని అడిగి తెలిసికొనును. అద్దె సంగతి మాత్రము మేస్త్రీకి వదలివేయును. ఈ వ్యాసమున ఆ సంగతినే కొంత విచారింతము.

అద్దె ఎందులకు?

మూలధనము కొరతగా నున్న చోట ఒక యంత్రము పని లేక పడియుండుట నష్టము. జీవితములో ఒక్కసారి ఇల్లు కట్టు కుటుంబమునకు మిల్లరుతో పని కొద్ది దినములే యుండును. దానిని కొనుట వివేకము కాదు. అదే యంత్రము ఇంటింటికి తిరిగినచో, దాని ధరలో ఒక్కొక్క ఇల్లు స్వల్పభాగమునే భరించును. యజమానికి జీవనము, నడుపువానికి కూలి, గృహస్థునకు సౌకర్యము కలుగును.

కృష్ణానదిపై నాగార్జునసాగరు ఆనకట్టకు 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేసిరి. నాడు విదేశ మారకద్రవ్యము కొరతగాను, పనిచేయు చేతులు మెండుగాను ఉండెను. అందుచేత దానిని రాతికట్టడముగా, వేలాది కూలీల శ్రమతో నిర్మించిరి. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు విడుదల చేసిరి. యంత్రము ఎంత, మనిషి ఎంత అను ప్రశ్నకు నాటి వారు లెక్క కట్టి జవాబు చెప్పుకొనిరి. చిన్న ఇల్లు కట్టువారికిని ఆ లెక్క అవసరమే.

వాయల లెక్క

30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు గల ఇంటికి 5 అంగుళముల మందమున స్లాబు పోయుదుమని తలచుదము. దూలములు గాక 250 ఘనపుటడుగులు, అనగా సుమారు 7 ఘనమీటర్ల కాంక్రీటు కావలెను. ఒక పాలు సిమెంటు, ఒకటిన్నర పాళ్ళు ఇసుక, మూడు పాళ్ళు కంకర చొప్పున కలిపినచో దీనికి ఇంచుమించు 57 బస్తాల సిమెంటు పట్టును. మన ఊళ్ళలో సాధారణముగా కనిపించు మిల్లరు వాయకు ఒక బస్తా చొప్పున కలుపును. కావున 57 వాయలు తిరుగవలెను.

వాయకు నాలుగు నిమిషములు పట్టినచో పని నాలుగు గంటలలోపున ముగియును. ఇసుక దూరమున నున్నందున గాని, తట్టలందించు మనుషులు చాలనందున గాని వాయకు ఒక్క నిమిషము ఆలస్యమైనచో, మొత్తము మీద దాదాపు ఒక గంట పోవును. ఆ గంటకు యంత్రము అద్దె, ముఠా కూలి రెండును గృహస్థుపైననే పడును.

అందుచేత మిల్లరు రాకముందే ఇసుక, కంకర దాని దరికి చేరియుండవలెను. డ్రమ్ములు నీటితో నిండియుండవలెను. ఇనుప కట్టుబడి ముందునాడే సరిచూచుకొనవలెను. యంత్రము వచ్చిన తరువాత సామాను వెదకుట, పీటలపై కూర్చుండి పుస్తెల కొరకు పరుగెత్తుట వంటిది.

అయితే తొందర సామాను చేరవేతలో నుండవలెను గాని కలుపుటలో కాదు. ప్రతి వాయ కనీసము రెండు నిమిషములు తిరుగవలెను. 50 కిలోల బస్తాకు నీరు 30 లీటర్లు మించరాదు. ఇసుక తడిగా నున్నచో ఇంకను తగ్గించవలెను. జారుగా నున్న కాంక్రీటు పోయుటకు సులువే గాని, అదనపు నీరు కప్పు బలమును హరించును. కలిపిన దానిని అరగంటలోపున పోసి దట్టించుట మంచిది.

ముందే మాటాడుకొనవలసినవి

జేసీబీని గంటల లెక్కన తెచ్చుకొనునపుడు దానిలోని గంటల మీటరును పని మొదలులోను, చివరను గృహస్థు స్వయముగా చూచి వ్రాసికొనవలెను. డీజిలు ఎవరిది, డ్రైవరు బత్తా ఎవరిది, వచ్చిపోవు దారిఖర్చు అద్దెలో చేరినదా, కనీసము ఎన్ని గంటలకు చెల్లించవలెను అను విషయములను బయానా ఇచ్చుటకు ముందే తేల్చుకొనవలెను. మరమ్మతు కొరకు ఆగిన కాలమునకు అద్దె లేదని చెప్పించుకొనవలెను. మిల్లరు విషయమున ఇంకొక మాట. స్లాబు సగములో యంత్రము ఆగిపోయినచో వేరొకటి ఎంతసేపటిలో వచ్చునని అడుగవలెను. పోత ఆగవలసివచ్చిన, ఏ చోట ఆపవలెనో ఇంజనీరు వద్ద ముందే తెలిసికొనియుండవలెను.

సెంట్రింగు గడువు

అన్నిటికంటె ముఖ్యమైనది సెంట్రింగు అద్దె. ‘స్లాబు గట్టిపడినది కదా, దినదినము అద్దె పెరుగుచున్నది, గుంజలు తీసివేయుదము’ అను మాట మేము గ్రామములలో తరచుగా వినుచున్నాము. అద్దె దినముల లెక్కనైనచో గృహస్థు తొందరపడును. చదరపు అడుగుల లెక్కన గుత్తగా మాటాడుకొన్నచో సామాను యజమాని తొందరపడును. మరియొక ఇంటివారు ఆ సామాను కొరకే కాచుకొనియుందురు. ఏ విధముగ చూచినను తొందర కలదు. ఆ తొందరకు సిమెంటు లొంగదు.

భారత ప్రమాణము 456 ప్రకారము, సాధారణ పోర్ట్‌లాండు సిమెంటు వాడినపుడు, 4.5 మీటర్ల లోపు, అనగా దాదాపు పదునైదు అడుగుల లోపు వెడల్పు గల గది స్లాబు క్రింది గుంజలను 7 దినములకు ముందు తీయరాదు. అంతకు మించినచో 14 దినములు ఉంచవలెను. దూలముల క్రింద 6 మీటర్ల వరకు 14 దినములు, ఆపైన 21 దినములు. బూడిద కలిసిన సిమెంటు వాడినచో ఇంకను ఎక్కువ కాలము కావలసియుండును. ఇంజనీరు చెప్పిన గడువును పాటింపవలెను. ఈ దినములలో కప్పు తడి ఆరకుండ చూచుకొనవలెను. పైభాగము చేతికి రాయివలె తగిలినను, లోపల బలము ఇంకను చేరుచునే యుండును. ముందుగా తీసిన గుంజ వలన స్లాబు క్రుంగవచ్చును, పగులవచ్చును, క్రింద నున్నవారిపై కూలవచ్చును.

కావున అద్దె మాటలాడునపుడే ‘ఇన్ని దినములు సామాను కదపరాదు’ అని కాగితముపై వ్రాయించుకొనుడు. ఆ దినముల అద్దెను సిమెంటు, ఇనుములతోపాటు మొదటి అంచనాలోనే చేర్చుకొనుడు. అది వ్యర్థవ్యయము కాదు, కప్పు ఖరీదులో ఒక భాగము.

యంత్రము నేడు మన వాకిట, రేపు మరొకరి వాకిట నుండును. అది పోయిన తరువాత దాని క్రింద తయారైన కప్పు క్రింద మన పిల్లలు నిద్రింతురు. అద్దె గంటలలో పొదుపు చేయుడు. కప్పు ఆరు దినములలో మాత్రము ఒక్క దినమునైనను తగ్గింపకుడు.