మన చేత్తో మనం వండుకుందాం: మడి కోసం కాదు, ఎరుక కోసం



పాఠంలోకి వెళ్ళే ముందు ఒక ప్రశ్న. ఈ రోజు పొద్దున్నుంచి మీరు తిన్నవీ తాగినవీ ఒకసారి లెక్కేసుకోండి. వాటిలో మీ ఇంట్లో తయారైనవి ఎన్ని? ప్యాకెట్ చించి తిన్నవి ఎన్ని? సీసా మూత తీసి తాగినవి ఎన్ని? ఆ ప్యాకెట్‌లో ఏముందో, ఎవరు చేశారో మీకు తెలుసా? తెలియకపోతే సిగ్గుపడాల్సిన పని లేదు. మనలో చాలామంది పరిస్థితి ఇదే.

సంయుత్త నికాయంలో కోసల రాజు పసేనది కథ ఉంది. ఆయన దోణెడు బియ్యం అన్నం తినేవాడు. ఒకనాడు అలాగే తిని, ఆయాసపడుతూ బుద్ధుని దగ్గరికి వచ్చాడు. తిండిలో కొలత తెలిసి, ఎరుకతో తినే మనిషికి బాధలు తగ్గుతాయని బుద్ధుడు ఒక గాథ చెప్పాడు. రాజు వెనక నిలబడ్డ సుదస్సనుడు అనే యువకుడు దాన్ని నేర్చుకుని, రాజు భోజనానికి కూర్చున్నప్పుడల్లా వినిపించాడు. రాజు మెల్లమెల్లగా తగ్గించుకుంటూ ఒక నాళిక అన్నానికి వచ్చాడు. ఒంటికి తేలికయింది.

దీన్నే పాళీలో భోజనే మత్తఞ్ఞుతా అంటారు, అంటే తిండిలో కొలత తెలియడం. చూడండి, బుద్ధుడు రాజుకు ఉపవాసం చెప్పలేదు, ఫలానాది అంటరానిదని చెప్పలేదు. ఎరుక చెప్పాడు. మనకు గుర్తుచేయడానికి సుదస్సనుడు లేడు. మరి ఎరుక ఎట్లా వస్తుంది? వండటం దానికొక దారి. గింజ నానబెట్టినోడికి గింజ విలువ తెలుస్తుంది. పొయ్యి దగ్గర చెమటోడ్చినోడు పళ్ళెంలో అన్నం పారబొయ్యడు.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఎవరి వంట వాళ్ళే చేసుకోవడం అంటే మన దేశంలో ఇంకో అర్థం కూడా ఉంది. దాని పేరు స్వయంపాకం. ఇతరులు ముట్టుకుంటే మైలపడుతుందని, తన వంట తానే వండుకునే మడి అది. ఆ మడి మన తాతముత్తాతల్ని బావి దగ్గరికి రానియ్యలేదు. హోటల్లో మనకు వేరే గ్లాసు పెట్టింది. 1927 మార్చి 20న బాబాసాహెబ్ మహద్‌లో వేలమందితో నడిచి వెళ్ళి చవదార్ చెరువు నీళ్ళు తాగాడు. ఆ చెరువును అందరికీ తెరుస్తూ అక్కడి మున్సిపాలిటీ 1924లోనే తీర్మానం చేసింది, అది కాగితం మీదే ఉండిపోయింది. మనవాళ్ళు తాగాక సవర్ణులు ఆవు పేడ, మూత్రం కలిపిన నీళ్ళు పోసి చెరువును "శుద్ధి" చేశారు! మనుషులు తాగితే మైలపడ్డ నీళ్ళు పేడతో శుద్ధి అయ్యాయట.

కాబట్టి మనం వండుకునేది మడి కోసం కాదు. సుత్తనిపాతంలోని ఆమగంధ సుత్తం ఈ సంగతే తేల్చి చెబుతుంది. నీచు వాసన తిండిలో లేదు. హింసలో, దొంగతనంలో, అబద్ధంలో, మోసంలో ఉంది. మన వంటకు పరీక్ష ఒక్కటే: ఆ గిన్నె దగ్గర ఎవరైనా కూర్చోవచ్చా, లేదా?

ఇప్పుడు మన అంబలి సంగతి. నేను హాస్టల్లో చదివేటప్పుడు మా అమ్మ చెంబులో అంబలి పట్టుకుని చూడ్డానికి వచ్చింది. తోటి పిల్లలు నవ్వుతారని ఆ చెంబు మంచం కిందికి తోసేశాను. అమ్మ చూసింది. ఏమీ అనలేదు. సాయంత్రం చెంబు అలాగే తీసుకుని బస్సెక్కింది. ఇవ్వాళ అదే రాగి జావను షాపుల్లో డబ్బాల్లో పెట్టి ఖరీదుకు అమ్ముతున్నారు. మన తిండిని చూసి సిగ్గుపడటం మనకు ఎవరు నేర్పారో ఆలోచించండి.

చేసే పద్ధతి ఇది. రాత్రి ఒక గ్లాసు రాగిపిండి నీళ్ళలో జారుగా కలిపి మూతపెట్టండి. పొద్దుటికి కాస్త పులుస్తుంది. గుప్పెడు నూకలు నాలుగైదు గ్లాసుల నీళ్ళలో ఉడికించి, మంట తగ్గించి, పులిసిన పిండి పోస్తూ ఉండ కట్టకుండా కలపండి. పది, పదిహేను నిమిషాలు ఉడకనిచ్చి దించండి. చల్లారాక ఉప్పు, మజ్జిగ కలపండి. పక్కన ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ ఉంటే చాలు. పిల్లలు తాగే కోలాల్లో చాలావాటికి 100 మిల్లీలీటర్లకు 10 గ్రాముల దగ్గర చక్కెర ఉంటుంది. పావు లీటరు తాగితే సుమారు ఆరు చెంచాలు. లేబుల్ మీరే చదివి చూడండి.

"మనమే చేసుకున్నది కదా" అని సారా కాచుకోవడానికి మాత్రం ఈ పాఠాన్ని వాడకండి. పంచశీలలో అయిదోది మత్తు వదలమంటుంది. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ ఇచ్చిన 22 ప్రతిజ్ఞల్లో మద్యం తాగనన్నదీ ఒకటి. ఎరుకను పోగొట్టేది ఎవరు చేసినా ఒకటే.

చివరి మాట అన్నలకు, తమ్ముళ్ళకు. ఇంట్లో చేసుకుందాం అని చెప్పి ఆ పని అక్కల మీదా అమ్మల మీదా వేస్తే అది ధమ్మం కాదు. కూలికి పోయి వచ్చిన మనిషికి ఇంకో పని పెట్టడం అది. సమానత్వం సభలో మాట్లాడి ఇంట్లో కంచం ముందు కూర్చుంటే ఎట్లా?

ఈ వారం సాధన:
1. వారంలో ఒక రోజు అంబలి గానీ, గట్క గానీ, జొన్నరొట్టె గానీ ఇంట్లో మగవాళ్ళే చెయ్యండి.
2. తినే ముందు ఒక నిమిషం ఆగి, ఈ గింజ పండించిన చేతుల్ని తలుచుకోండి.
3. చేసిందాంట్లో ఒక గిన్నె పక్కింటికి పంపండి, ఏ కులమైనా సరే.
4. అమ్మ ఉంటే మొదటి గ్లాసు ఆమెకు ఇవ్వండి. నాకు ఇప్పుడు ఆ అవకాశం లేదు.

నమో బుద్ధాయ. జై భీమ్.