కృతజ్ఞత: మనస్సునకొక నిత్యాభ్యాసము

జంషెడ్‌పూరులోని టెల్కో కాలనీ ప్రాంతమున ప్రతి సంవత్సరము సెప్టెంబరు 17వ తేదీ వేళకు విశ్వకర్మ పూజ సందడి కనబడును. ఆనాడు కార్మికులు తాము పనిచేయు యంత్రములను తుడిచి, బొట్టు పెట్టి, పూలమాలలు వేయుదురు. ఉత్తరాంధ్రము నుండి వలసవెళ్ళి అచ్చట స్థిరపడిన తెలుగు కుటుంబములకు ఇది క్రొత్త సంగతి కాదు. స్వస్థలములలో దసరానాటి ఆయుధపూజ వారెరిగినదే. 1945లో స్థాపింపబడిన టెల్కో సంస్థ 2003లో టాటా మోటార్స్ అని పేరు మార్చుకొన్నను, కాలనీకి మాత్రము పాత పేరే నిలిచినది.

యంత్రమునకు ఏటేట నమస్కరించు మనుష్యుడు, తెల్లవారుజామున లేచి తనకు క్యారేజీ సర్దు ఇల్లాలితో ఒక మంచిమాట చెప్పుటకు సంకోచించును. తప్పు అతని దొక్కనిదే కాదు. అయినవారికి కృతజ్ఞతలు తెలుపుట మన ఇండ్లలో వాడుక లేదు. తెలిపినచో పరాయివారితో మాటలాడినట్లుండును. అయినను ఆ భావము మనకు లేకపోలేదు. మంచినీళ్ళిచ్చిన పిల్లవానిని "చల్లగా ఉండు నాయనా" యని అవ్వ దీవించుట కృతజ్ఞత కాక మరేమి?

ఈ భావమునకును ఆరోగ్యమునకును గల సంబంధమును మనస్తత్వ శాస్త్రజ్ఞులు పరీక్షించిరి. రాబర్ట్ ఎమ్మన్స్, మైఖేల్ మెక్‌కల్లఫ్ అను అమెరికా పరిశోధకులు 2003లో ప్రకటించిన పరిశోధనలో, కొందరు విద్యార్థులు పది వారములపాటు, వారమున కొకసారి, తాము కృతజ్ఞులై యుండదగిన విషయములను వ్రాసిరి. చికాకులను వ్రాసినవారికంటె వీరు తమ జీవితము మెరుగుగా నున్నదనిరి. శరీరబాధలను తక్కువగా చెప్పిరి. నరముల, కండరముల వ్యాధిగల రోగులు 21 దినములు ఇట్లే వ్రాయగా, వారికి నిద్రయు మెరుగుపడినది. తరువాతి పరిశోధనలను కలిపి చూచినచో ఈ ప్రయోజనము స్వల్పమేయని తేలినది. ఖర్చులేని అభ్యాసమునకు అంతమాత్రము చాలును.

చేయవలసినది సులభము. నిద్రకు ముందు, ఆ దినమున జరిగిన మూడు మేలులను, అవి ఎవరి వలన కలిగినవో, ఒక పుస్తకములో వ్రాసికొనవలెను. రాత్రి షిఫ్టు వారికి ఆ సమయము పగలే కావచ్చును. "అంతయు బాగున్నది" అని వ్రాసిన ప్రయోజనము లేదు. "రాత్రి పనిచేసి వచ్చి నేను పండుకొనగా, ప్రక్కయింటివారు తమ పిల్లలను దూరముగా ఆడుకొమ్మని పంపిరి" అని వ్రాయవలెను. వ్రాసినదానిలో ఒకటైనను ఆ మనిషితో చెప్పవలెను. మాట పెగలనివారు "ఈ పూట పులుసు బాగున్నది" యనినను సరిపోవును. ప్రతిదినము వ్రాయుట విసుగైనచో వారమున కొకసారి వ్రాయవచ్చును.

ఇక ఒక హెచ్చరిక. కృతజ్ఞత తనకు తాను చేసికొను అభ్యాసమే కాని, ఇతరులపై మోపు ఆజ్ఞ కాదు. యంత్రమునకు రక్షణకంచె లేదని ఫిర్యాదు చేయు కార్మికునితో "ఉద్యోగమున్నది, సంతోషించు" మనుటయు, బిడ్డను పోగొట్టుకొన్న తల్లితో "ఇంకొకడు ఉన్నాడు గదా" యనుటయు క్రూరము. ఆ ఫిర్యాదు వినదగినది. ఆ దుఃఖము గౌరవింపదగినది.

రెండు వారములకు మించి దిగులు వీడక, నిద్రాహారములు చెడి, పనిపై మనసు నిలువకున్నచో అది వ్యాధి కావచ్చును. ఆ స్థితిలో పుస్తకము ముందు కూర్చున్న రోగికి ఏ మేలును తోచదు. తోచలేదను సిగ్గు మాత్రము అదనమగును. అట్టివానికి వైద్యుని చూపవలెను. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 సంఖ్యకు ఫోను చేయవచ్చును. ఇది ఉచితము, రాత్రింబవళ్ళు పనిచేయును. రోగికి మాటలాడు ఓపిక లేనిచో ఇంటివారే అతని పక్షమున ఫోను చేయవలెను.