బందరు తీరమునుండి గుణదల వఱకు



కొండపల్లివారికి ఎత్తన్న భయము లేదు. కోటదారిని దినదినము ఎక్కి దిగు మన బాలురు, అద్దమువలె చదునైన బందరు రోడ్డును తలంచుకొని, "సైకిలుపై అది ఒక శ్రమయా?" యని నవ్విరి. మేమును అట్లే తలంచితిమి. ఆ తలంపు ఎంత పొరపాటో తెలుపుటకే ఈ పాఠము.

గుణదల కొండమీది మేరీమాత క్షేత్రమును మీరెల్లరు ఎఱుగుదురు. 1924వ సంవత్సరమున ఫాదరు ఆర్లాటి గారు అచ్చట మాత స్వరూపమును నెలకొల్పిరి. ఫ్రాన్సు దేశమందలి లూర్దులో 1858 ఫిబ్రవరి 11వ తేదీన బెర్నదెత్తు అను బీదబాలికకు కలిగిన దర్శనమును స్మరించుచు, ఏటేట ఆ తేదీతో ముగియునట్లు మూడు దినములు ఉత్సవము జరుగును. యాత్రికులలో కాలినడకను వచ్చువారును, సైకిళ్లపై వచ్చువారును గలరు. పన్నెండుగురు విద్యార్థులతో మేము సముద్రతీరమునుండియే బయలుదేరుటకు నిశ్చయించితిమి.

తెల్లవాఱుజామున మంగినపూడి తీరమున ప్రార్థించి బయలుదేరితిమి. బందరు పట్టణమును చేరి, 1841లో అచ్చటికి వచ్చిన ఫాక్సు, నోబిలు దొరలను గూర్చియు, 1843లో నోబిలు గారు స్థాపించిన పాఠశాలను గూర్చియు బాలురకు చెప్పితిమి. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెన వచ్చి సుమారు 30,000 మంది ప్రాణములను గొనిపోయినదియు ఈ తీరముననే.

అచ్చటినుండి విజయవాడకు సుమారు 70 కిలోమీటర్లు. గూడూరు, పామఱ్ఱు, ఉయ్యూరు, కంకిపాడు మీదుగా దారి. వరి కోసిన చేలలో మినుము పచ్చగా నుండెను. 1855లో పూర్తియైన కృష్ణ ఆనకట్టయు, దాని స్థానమున 1957లో వెలసిన ప్రకాశం బ్యారేజియు ఈ నేలను తడిపినవి. విజయవాడవద్ద విడిచిన నీరు తనంతట తానే బందరు వైపు పారుచున్నదనిన, నేల సముద్రమువైపు వాలియున్నదని గ్రహింపుడు. అయినను ఆ వాలు కంటికి కానరాదు, కాలికి తెలియదు. ఇచ్చట ఎక్కవలసిన కొండ గాలియే.

రాత్రివేళ నేల త్వరగా చల్లారును. సముద్రము వెచ్చగానే యుండును. కావున ఉదయమున గాలి నేలనుండి సముద్రమునకు వీచును. మధ్యాహ్నమున నేల కాగినపిమ్మట సముద్రమునుండి నేలకు మఱలును. ఉదయమున మాకు ఎదురుగాలి. గాలి తాకిడి వేగము రెండింతలైనచో దాని అడ్డగింపు నాలుగింతలగును. బలముగల బాలురు పందెము వైచికొని ముందుకు దూసికొనిపోయిరి. మేమును వారితోనే సాగితిమి.

పామఱ్ఱులో ఆగి లెక్కింపగా పదునొకండుగురే యుండిరి! మా గుండె జల్లుమనెను. ఇద్దఱు పెద్ద బాలురతో వెనుదిరిగి నిడుమోలు దాటి వెదకితిమి. చిన్నవాడొకడు చెట్టునీడను కూర్చుండి, తెగిన గొలుసును చేతబట్టుకొనియుండెను. మమ్ము చూడగానే, "మాస్టారండీ, ఎంతో పిలిచితిని" అని మాత్రము పలికి తలవంచుకొనెను.

వాని పిలుపు మాకేల వినబడలేదు? మాకు ఎదురైన గాలి వాని కేకకును ఎదురే. ముందున్నవాని మాట వెనుకకు సులువుగా వచ్చును; వెనుకనున్నవాని మొఱ ముందుకు పోదు. తప్పిపోయిన గొఱ్ఱె ఉపమానమును ఎన్ని మారులో బోధించిన మేమే ఆ దినమున మందను లెక్కింప మఱచితిమి. తప్పు బాలురది కాదు, మాది.

గొలుసు బాగుచేయించి, వరుస మార్చితిమి. సైకిలు వెనుక సైకిలు తగుమాత్రపు ఎడముతో సాగినచో, ముందువాడు గాలిని కాచును. వెనుకవానికి శ్రమ తగ్గును. కావున బలవంతులు వంతులవారీగా ముందుండిరి, చిన్నవాడు నడుమనుండెను, మేము అందఱికంటె వెనుక నిలిచితిమి. బలవంతుడు ముందుండుట గెలుపునకు గాదు, గాలి కాచుటకు. మధ్యాహ్నమున సముద్రపుగాలి మా వీపులను తట్టినప్పుడును ఆ వరుసను మార్చలేదు.

రాత్రి ఉయ్యూరులో విశ్రమించి, మఱునాడు గుణదల చేరితిమి. సైకిళ్లను క్రింద నుంచి కొండ నెక్కునప్పుడు ఎవ్వరును చెప్పకయే పెద్దబాలురు చిన్నవానిని ముందు నడువనిచ్చిరి. పైన సిలువయొద్ద మరల లెక్కించితిమి: పన్నెండుగురు. మా యాత్ర అప్పుడే ముగిసినది.